అనని మాట

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించిన నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేజీ దగ్గర కోపం వచ్చి కాగితాలు పక్కన పెట్టేశాను. రెండోసారి పదకొండో పేజీ దగ్గర కళ్ళజోడు తీసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఈ ఉత్తరం ఆ రెండు పేజీల గురించే. మిగతాది శుభ్రంగా రాశావు, దాని గురించి చెప్పడానికేమీ లేదు.

ముందు కోపం సంగతి. కెనడాలోని టొరాంటోలో ఒక మానసిక ఆసుపత్రిలో పనిచేసిన మనస్తత్వ నిపుణుడు కెన్నెత్ జకర్ తన దగ్గరకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ రోగిని ఎగతాళి చేస్తూ ఒక మాట అన్నాడని నాలుగో పేజీలో కొటేషన్ గుర్తులు పెట్టి మరీ రాశావు. ఆ మాటను నేను ఇక్కడ తిరిగి రాయను. ఆయన ఆ మాట అనలేదు. అది నీకూ తెలుసు. తొమ్మిదో పేజీకి వచ్చేసరికి ఆ ఆరోపణ తప్పని తేలిందని, ఆసుపత్రి క్షమాపణ చెప్పిందని నువ్వే రాశావు. అంటే ఐదు పేజీల పాటు పాఠకుడిని ఒక అబద్ధంతో నడిపించావు. ఎందుకు? మలుపు కోసం! ఈ మలుపుల పిచ్చి కథల పోటీల నుంచి వ్యాసాల్లోకి ఎప్పుడు పాకిందో తెలియదు కానీ, పదేళ్ళుగా నా దగ్గరకు వచ్చే ప్రతి రాతప్రతిలోనూ చూస్తున్నాను. బతికి ఉన్న మనిషి పరువు నీ మలుపుకు ముడిసరుకు కాకూడదు. నీ వ్యాసాన్ని ఆరో పేజీలో ఆపేసిన పాఠకుడికి ఆయన ఆ మాట అన్నవాడుగానే మిగిలిపోతాడు. ఆ పాఠకుడు తొమ్మిదో పేజీ దాకా వస్తాడని నీకెవరు హామీ ఇచ్చారు?

జరిగింది ఎలా జరిగిందో అలా చెబితేనే గుండె ఆగినంత పని అవుతుంది, చూడు. ఆ ఆసుపత్రిలో ఆయన మూడు దశాబ్దాలకు పైగా పనిచేశారు, పిల్లల జెండర్ క్లినిక్‌ను నడిపారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే రోగనిర్ధారణ గ్రంథం ఐదో కూర్పుకు జెండర్ విషయాలు చూసిన బృందానికి ఆయనే అధ్యక్షుడు. 2008లో ఆ నియామకాన్ని వ్యతిరేకిస్తూ సంతకాల సేకరణ జరిగింది. 2013లో ఆ కూర్పు వచ్చినప్పుడు ‘రుగ్మత’ అనే పేరు పోయి ‘డిస్ఫోరియా’, అంటే పుట్టిన శరీరానికీ తానెవరన్న భావనకూ పొంతన కుదరని వేదన, అనే పేరు వచ్చింది. ఒక్క పేరు మారితే కొన్ని వేల మంది పిల్లల కాగితాల మీద రాత మారుతుంది. నీ వ్యాసంలో ఇది లేదు. మాటల మీద బతికేవాళ్ళం, మనం దీన్ని ఎలా వదిలేస్తాం?

2015 జూన్‌లో, టొరాంటో ఉన్న ఒంటారియో రాష్ట్రం, పిల్లల జెండర్ గుర్తింపును మార్చాలని చూసే చికిత్సను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది ఆసుపత్రి బయటి వైద్యులు ఇద్దరితో ఆ క్లినిక్ మీద సమీక్ష చేయించింది. డిసెంబరులో క్లినిక్ మూసేసి, ఆయనను ఉద్యోగం నుంచి తీసేసి, ఆ నివేదికను అందరూ చదివేలా వెబ్‌సైట్‌లో పెట్టింది. అందులోనే ఉంది ఆ మాట. నివేదికను ముందుగా ఆయనకు చూపించలేదు, మీరేమంటారని అడగలేదు. ఆ తర్వాత, ఆరోపణ చేసిన మనిషే తాను పొరబడ్డానని, ఆ మాట అన్నది వేరే వైద్యుడని చెప్పారు. 2018 అక్టోబరులో ఆసుపత్రి క్షమాపణ చెప్పి, న్యాయవాదుల ఖర్చులతో కలిపి 5,86,000 కెనడా డాలర్లు చెల్లించింది.

ఇంతవరకూ చెప్పి నువ్వు తొమ్మిదో పేజీలో ఆయనను దేవుణ్ణి చేశావు. అది రెండో తప్పు. క్షమాపణ చెప్పింది నివేదికలోని తప్పుకు, దాన్ని బయటపెట్టిన తీరుకు. ఆయన పద్ధతి సరైనదని ఎవరూ తీర్పు చెప్పలేదు. క్లినిక్ మూసివేత సరైనదేనని ఆసుపత్రి అప్పుడు కూడా అంది. చిన్న పిల్లల్లో జెండర్ గుర్తింపు ఇంకా గట్టిపడదు కాబట్టి పుట్టిన శరీరంతో సర్దుకునేలా సాయం చేయాలని ఆయన వాదం. అదే మనిషి, కౌమారం దాకా ఆ వేదన నిలిచిన పిల్లలకు యౌవన మార్పులను ఆపే మందులనూ సమర్థించారు. ఈ రెండో సగం నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

2008లో అమెరికా ప్రజా రేడియో ప్రసారం చేసిన ఒక కుటుంబం గురించి నువ్వు విని ఉంటావు. ఆయన దగ్గరకు వచ్చిన చిన్న పిల్లవాడు. ఆయన చెప్పారని ఇంట్లో ఆడపిల్లల బొమ్మలన్నీ సర్ది తీసేశారు. గులాబీ రంగు కంటపడితే చాలు, బిడ్డ దానివైపు చూడకుండా ఉండడానికి అవస్థ పడుతున్నాడని తల్లి చెప్పింది. నేను ఆ సంగతి తెలుసుకున్న రోజున మా మనవరాలి రంగు పెన్సిళ్ళ డబ్బా చూడలేకపోయాను. నీ పదమూడు పేజీల్లో ఆ డబ్బా లేదు. చట్టాలు ఉన్నాయి, కమిటీలు ఉన్నాయి, డాలర్లు ఉన్నాయి.

ఇంకొకటి. ‘నూటికి ఎనభై ఎనిమిది మంది పిల్లలు నయమయ్యారు’ అని రాశావు. ఏ అధ్యయనం అని రాయలేదు కానీ నాకు తెలుసు. 2021లో వచ్చింది. చిన్నప్పుడు ఆ క్లినిక్‌కు వచ్చిన 139 మంది మగపిల్లలను పెద్దయ్యాక మళ్ళీ కలిస్తే, 17 మందిలో ఆ వేదన నిలిచి ఉంది. ఆ 139 మందిలో మూడింట ఒక వంతుకు పైగా పిల్లలకు చిన్నప్పుడే రోగనిర్ధారణ లక్షణాలు పూర్తిగా సరిపోలేదు. విమర్శకులు పట్టుకునేది సరిగ్గా అక్కడే. సరే, అంకెల తగవు వైద్యులు చూసుకుంటారు. ‘నయమయ్యారు’ అని ఎవరన్నారు? ఆ అధ్యయనంలో ఆ మాట లేదు. ఆ పిల్లలు అనలేదు. నువ్వు అన్నావు. అని, ఆ మాటను అంకె పక్కన కూర్చోబెట్టి శాస్త్రం అన్నట్టు రాశావు. ట్రాన్స్‌జెండర్ గుర్తింపును ‘నయం చేస్తాం’ అనే చికిత్సను మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ 2022లోనే వృత్తిపరమైన దుష్ప్రవర్తన అంది. ఆ ఒక్క క్రియాపదం ఎంత బరువైనదో చూసుకో.

గిడుగు రామమూర్తి పంతులుగారు నడిచిన ఊళ్ళో కూర్చుని రాస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. సవర భాష నేర్చుకోవడానికి ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకున్నారాయన. అతను ఏ మాట ఎలా అంటే అలా రాసుకున్నారు. వ్యవహార భాష కోసం అంత పెద్ద పోరాటం చేసిన మనిషికి అసలు చదువు అక్కడే అబ్బిందని నా నమ్మకం. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఇల్లు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మేము ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా. ఎవరు ఏ మాట ఏ భాషలో అన్నారో గుర్తుపెట్టుకోవడం ఇక్కడ పుట్టినవాళ్ళకు ఊపిరి పీల్చినంత సహజం. మన సరిహద్దు ఊరు గుణుపురం పిల్లవి, నీకు అది చేతకాదని నేను ఒప్పుకోను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పాపం నేను చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఉత్తరాంధ్ర వీధి నాటకం తూర్పు భాగవతంలో సత్యభామ వేషం కట్టే ఒక మనిషి గురించి కథ రాశాను. ఆట అయిపోయాక కూడా చీరలోనే ఉండేది. ఊరు ఏమన్నా సరే, నేను కథ మొత్తం ‘వచ్చింది’, ‘నవ్వింది’ అనే రాశాను. ఒక వారపత్రిక మూడుసార్లు తిప్పి పంపింది. మూడోసారి సంపాదకుడు ఎర్ర సిరాతో ‘కన్నీరు లేదు’ అని రాశాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశ నాది. చివర్లో ఒక సంభాషణ కలిపాను. దేవుడు నన్ను ఇలా ఎందుకు పుట్టించాడని గుండెలు బాదుకుని ఏడ్చినట్టు. వెంటనే అచ్చయింది. అచ్చయిన కథలో నా ‘వచ్చింది’లన్నీ ‘వచ్చాడు’లయ్యాయి. నన్ను అడగలేదు. పదిహేను రూపాయల మనియార్డరు వచ్చింది.

నెల తిరగకుండా ఆ మనిషి మా బడికి వచ్చింది. చేతిలో ఆ పత్రిక. ఎవరిచేతో చదివించుకుందట. వరండాలో నిలబడి ఒక్కటే అడిగింది: “ఈ మాట నేనెప్పుడు అన్నాను మాస్టారూ? నాకు దేవుడితో తగువేమీ లేదే.” నా దగ్గర జవాబు లేదు. మంచినీళ్ళు ఇచ్చాను. సగం తాగి, గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ దళం ఎన్నిసార్లు మా ఊరు వచ్చినా నేను ఆటకు పోలేదు. ఆ సంపాదకుడి మీద నాకు ఇప్పటికీ కోపమే. అయితే ఆ సంభాషణ రాసిన చెయ్యి నాది.

ఇక పదకొండో పేజీ.

మీ మేనమామ బిడ్డ సంగతి. ‘వచ్చాడు’ అంటే ఆ బిడ్డ అన్నం ముందు నుంచి లేచిపోతుంది. ‘వచ్చింది’ అంటే మీ మామయ్య కంచం విసిరేస్తాడు. అరవై ఏళ్ళుగా ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని మీ అమ్మమ్మ, ఒక సాయంత్రం గుమ్మంలో చెప్పుల చప్పుడు విని, వంటింట్లో ఉన్న కోడలితో ఒడియాలో అంది: “సె ఆసిలా. భాత బాఢ.” వచ్చింది ఆడో మగో ఒడియా క్రియ అడగదు. అన్నం వడ్డించమంది, అంతే. ఆ రోజు నుంచి ఆ బిడ్డ గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ ఒడియాలోకి వెళ్ళిపోతోందని రాశావు. నలభై ఏళ్ళు తెలుగు వ్యాకరణం చెప్పాను. మన క్రియ చివరన ఉన్న ఆ ‘డు’, ఆ ‘ది’ ఒక ఇంటిని అలా చీల్చగలవని నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆ పేజీలో ఒక్క వాక్యం కొట్టెయ్యి. ‘ఆ క్షణంలో ఆ పసి మనసు రెక్కలు విప్పుకుంది’ అన్నది. నువ్వు మనసు చూడలేదు. ఏం చూశావు? కంచం ముందుకు జరపడం చూశావా? కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళడం చూశావా? అది రాయి. ఏమీ గుర్తులేకపోతే ఖాళీగా వదిలెయ్యి.

అచ్చుకు పంపే ముందు ఆ పేజీని ఆ బిడ్డకు చదివి వినిపించు. వద్దంటే తీసెయ్యి, నాకు కూడా మళ్ళీ పంపవద్దు. సరేనంటే, ఆదివారం రైలెక్కి మా ఇంటికి రా. టొరాంటో పేజీలు ఇద్దరం కలిసి సరిచేద్దాం.

వచ్చే ముందు మీ అమ్మమ్మను ఒక్క సంగతి అడుగు. గుణుపురంలో కూరగాయల బజారులో నేర్చుకున్న ఒడియా ఆవిడది, పుస్తకంలోది కాదు. ఆ సాయంత్రం ఆవిడ అన్నది ‘ఆసిలా’ అనేనా, ‘అయిలా’ అనా?