దర్రీని గీకుతున్నది, పరుపు మీద పోస్తున్నది: పిల్లిని దారికి తెచ్చేదెలా?

ప్రశ్న: మా ఇంట్లో ఏడాది వయసున్న మగపిల్లి ఉన్నది. వరంగల్ కొత్తవాడలో కొన్న దర్రీని (నేల మీద పరిచే జంపఖానాను) గోళ్లతో గీకి పోగులు లాగేస్తున్నది. తెల్లవారుజామున నాలుగింటికే అరిచి అందరినీ లేపుతున్నది. పది రోజులుగా ఇసుక తొట్టిని వదిలి పరుపు మీద మూత్రం పోస్తున్నది. రెండు దెబ్బలు వేస్తే దారికి వస్తుందని మా అత్తమ్మ అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు చివర రాసిన మూత్రం సంగతినే ముందుగా చూడాలి. మీ పిల్లి మాటిమాటికీ తొట్టిలో కూర్చుని ముక్కుతున్నదా, చుక్కలుగానే పోస్తున్నదా, మూత్రంలో రక్తపు జీర కనిపిస్తున్నదా గమనించండి. మగపిల్లులకు మూత్రనాళం సన్నగా ఉండడం వల్ల అది మూసుకుపోయే ప్రమాదం ఉన్నది. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది కనుక ఆ స్థితిలో గంట కూడా ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. అంత తీవ్రత లేకపోయినా ఒకసారి పరీక్ష చేయించండి. సంతాన నిరోధక ఆపరేషన్ కాకపోతే దాని గురించి కూడా అడగండి, ఎందుకంటే ఎదిగిన మగపిల్లులు తమ హద్దు తెలపడానికి కూడా ఇంట్లో మూత్రం చిమ్ముతాయి.

జబ్బు లేదని తేలితే తొట్టి వైపు చూడండి. ఇసుక రెండంగుళాల మందాన ఉండాలి, మలినాన్ని రోజూ తీసివేయాలి, తొట్టి అన్నం గిన్నెకూ వాషింగ్ మెషిన్ చప్పుడుకూ దూరంగా ఉండాలి. ఒక్క పిల్లి ఉన్నా రెండు తొట్లు పెట్టడం మేలు. తొట్టిని ఫినాయిల్‌తో మాత్రం కడగకండి. ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరచలేదు, పాదాలకు అంటినదాన్ని అది నాకి మింగుతుంది. మామూలు సబ్బు నీళ్లు చాలు.

ఇక దర్రీ. గీకడం పిల్లికి పుట్టుకతో వచ్చిన అవసరం. పాత గోటి పొర ఊడేది, పాదాల్లోని గ్రంథుల వాసన అంటేది, ఒళ్లు సాగేది దానితోనే. వరంగల్ దర్రీ గట్టి నూలు నేత గోటికి బాగా పట్టు ఇస్తుంది కనుక మీ పిల్లి ఎంపికను నేను తప్పుపట్టలేను. మా ఇంట్లో చిరిగిన పాత దర్రీ ముక్కనే మూడడుగుల చెక్కకు మేకులతో బిగించి, పిల్లి పడుకునే చోటు పక్కన కదలకుండా నిలబెట్టాము. నిద్ర లేవగానే అది ముందరి కాళ్లు పైకి చాచి, వీపు సాగదీసి గీకేది. కింద వడ్లపొట్టంత గోటి పొరలు రాలి కనిపించేవి. చెక్క మీద గీకిన ప్రతిసారీ ఆ క్షణంలోనే చిన్న చేపముక్క పెట్టండి. కొత్త దర్రీని ఒక నెల చుట్టి దాచండి.

దెబ్బల విషయంలో అత్తమ్మ గారితో ఏకీభవించలేను. పిల్లి దెబ్బను తన పనితో ముడిపెట్టుకోదు, కొట్టిన చేతితో ముడిపెట్టుకుంటుంది. తర్వాత మీకు కనిపించకుండా బీరువా వెనక పోస్తుంది.

తెల్లవారుజామున అరిచినప్పుడు లేచి తిండి పెట్టారా, అరుపుకు ఫలితం ఉన్నదని అది నేర్చుకుంటుంది. రాత్రి పడుకునే ముందు పావుగంట తాడుతో ఆడించి, ఆ తర్వాతే కడుపు నిండా పెట్టండి. అది అరిచినా ఎవరూ లేవకండి. మొదటి వారం అరుపులు పెరగవచ్చు. ఇంట్లో ఒక్కరు లేచినా మళ్లీ మొదటికే వస్తుంది. రాత్రి ఆ గిన్నె పెట్టే పనిని అత్తమ్మ గారికే అప్పగించండి, పిల్లి ఆమె దగ్గరకు దానంతటదే చేరుతుంది.