అతకని ఫెండర్, అంగీకరించని అమ్మకందారు

ప్రశ్న: నా పాత కారుకు ఇటీవల తయారైన ముందు ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు భాగం) కొన్నాను. డోరు పక్కన సందు పైన సన్నగా, కింద వెడల్పుగా వస్తోంది. ఫిర్యాదు చేస్తే, మీ మెకానిక్‌కు బిగించడం రాదని అమ్మకందారు కొట్టిపారేశారు. ఆయన మాట న్యాయమేనా?

జవాబు: ఆయన మాటలో కొంత నిజం ఉన్నా, ఆయన తీరు మాత్రం సరైనది కాదు. అసలు కంపెనీ వాడిన అచ్చులు దొరకనప్పుడు, తయారీదారులు పాత భాగాన్ని కొలిచి కొత్త అచ్చు చేయిస్తారు. ఆ నమూనాయే వంగి ఉంటే, ఆ లోపం ప్రతి ఫెండర్‌లోనూ వస్తుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988లో ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు బాడీలను అసలు పరికరాలతోనే మళ్లీ తయారుచేయడం అందుకే అంత విలువైన పని. అయితే దశాబ్దాల తుప్పుకూ ప్రమాదాలకూ లోనైన మీ కారు బాడీ కూడా కొలత తప్పి ఉండవచ్చు కాబట్టి, ముందుగా డోరు హింజులను సరిచేసి, పాత ఫెండర్‌ను అదే చోట బిగించి చూడండి. అది చక్కగా కూర్చుంటే లోపం కొత్తదానిదే. కొలతలతో, ఫొటోలతో రాతపూర్వకంగా తెలియజేయండి. అప్పటివరకు కోయవద్దు, వెల్డింగ్ చేయవద్దు, రంగు వేయవద్దు. అవి చేశాక చాలామంది అమ్మకందారులు వెనక్కి తీసుకోరు.

మంచి అమ్మకందారు ఆ ఫొటోలను తయారీదారుకు పంపి, మార్పిడో డబ్బు వాపసో ఇస్తారు, సర్దుబాటు అవసరమని తర్వాతి కొనుగోలుదారుకు ముందే చెబుతారు. కొలతలు చూపినా మెకానిక్‌నే నిందించేవారి దగ్గర మరో భాగం కొనకండి.