రేడియో చదువు కోసం ఎకరంన్నర అమ్మాలా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. మూడెకరాల సొంత పొలం, నాలుగెకరాల కౌలు, పొగాకు వేస్తాం. పిల్లోడు ఇంటర్ పాసయ్యాడు, రేడియో, టీవీ బ్రాడ్‌కాస్టింగ్ తప్ప ఇంకోటి చదవనంటున్నాడు. ఒంగోలులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల కోర్సు చూపించారు, ఖర్చులన్నీ కలిపి ఏడాదికి 22 వేల డాలర్లట. మా దగ్గర 11 లక్షల ఎఫ్‌డీ, 3 లక్షల చిట్టీ ఉన్నాయి. మిగతాదానికి ఎకరంన్నర అమ్మమంటారా, అప్పు తెమ్మంటారా? కన్సల్టెన్సీ వాళ్లు ఈ నెలాఖరులోపు 40 వేలు అడ్వాన్స్ కట్టమంటున్నారు.

జవాబు: అన్నా, రెండూ వద్దు. కోపం తెచ్చుకోకుండా చదవండి. మీవాడి ఇష్టాన్ని నేను తప్పు పట్టడం లేదు, తిరునాళ్లలో ఒకసారి మైకు పట్టుకున్నవాడికి ఆ రుచి అంత తేలిగ్గా వదలదని నాకూ తెలుసు.

కమ్యూనిటీ కాలేజీ అంటే మోసం కాదు, మంచి చదువే. స్టూడియోలో సౌండ్ బోర్డు నడపడం, ఎడిటింగ్, కెమెరా, వార్తలు రాయడం అన్నీ చేతితో చేయించి నేర్పుతారు, కొన్నిటికి సొంత ఎఫ్‌ఎం స్టేషన్ కూడా ఉంటుంది. కాకపోతే అది చవక అనే పేరు వచ్చింది అక్కడివాళ్ల వల్ల. స్థానికుల పన్నులతో నడిచే కాలేజీ కాబట్టి ఆ ఊరి పిల్లలకు ఫీజు తక్కువ, బయటి దేశం నుంచి వెళ్లిన మనవాడికి అదే క్లాసు, అదే బెంచీ, ఫీజు మాత్రం కొన్ని రెట్లు ఎక్కువ. కన్సల్టెన్సీ వాళ్లు ఈ ముక్క చెప్పారా?

డాలరు 90 రూపాయలు వేసుకుంటే రెండేళ్లకు 39 లక్షల 60 వేలు. సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డు నమోదుకు) 350 డాలర్లు, వీసా దరఖాస్తుకు 185 డాలర్లు (వీసా రాకపోయినా ఆ 185 వెనక్కి రావు), విమానం టికెట్లు, ఇవన్నీ పైన. డాలరు ఇంకో 5 రూపాయలు పెరిగిందంటే మొత్తం మీద 2 లక్షల 20 వేలు అదనం, అది మీ చేతిలో లేదు, నా చేతిలో అంతకన్నా లేదు. మీ 14 లక్షలూ ఊడ్చి పెట్టినా 26 లక్షలు తక్కువ పడుతుంది.

ఆ 26 లక్షలు అప్పు అనుకుందాం. 7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి మామూలుగా బ్యాంకు తనఖా అడుగుతుంది, పొలాన్ని చాలా బ్యాంకులు తీసుకోవు, ఇల్లో, ఇంటి స్థలమో కావాలంటాయి. 11 శాతం వడ్డీ, ఏడాదికి 13 లక్షల చొప్పున తీసుకుని, కోర్సు అయ్యాక ఇంకో ఏడాది ఆగి కట్టడం మొదలుపెడితే, అప్పటికే వడ్డీ 7 లక్షలు దాటి అప్పు 33 లక్షలవుతుంది. ఆ తర్వాత పదేళ్లపాటు నెలనెలా 45 వేల పైమాటే. ఉద్యోగస్తులకు ఈ వడ్డీ మీద పన్ను మినహాయింపు దొరుకుతుంది, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే, మీ వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు కాబట్టి మీకు దాంతో పని లేదు. పొగాకు రేటు ఒక సీజన్‌లో ఉన్నట్టు ఇంకో సీజన్‌లో ఉండదని నేను మీకు చెప్పక్కర్లేదు, కిస్తీ మాత్రం ప్రతి నెలా ఒకటే.

పిల్లోడు అక్కడే సంపాదించి కడతాడంటారా? చదువుకునేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, ఆ డబ్బు తిండికి సాయపడితే అదే గొప్ప. కోర్సయ్యాక ఓపీటీ పేరుతో ఒక్క ఏడాది ఉద్యోగం చేసుకోవచ్చు. ఆ తర్వాత అక్కడే ఉద్యోగం చేయడానికి హెచ్1బీ వీసా కావాలంటే కనీసం నాలుగేళ్ల డిగ్రీ స్థాయి చదువు ఉండాలి, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ సరిపోదు. మిగతా రెండేళ్లు యూనివర్సిటీలో చేయొచ్చు, చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు చాలావరకు బదిలీ అవుతాయి, కానీ యూనివర్సిటీ ఫీజు చూశాక ఎకరంన్నర కాస్తా మూడెకరాలవుతుంది. తిరిగొచ్చేద్దామంటే ఆ రెండేళ్ల చదువు ఇక్కడి డిగ్రీతో సమానం కాదు, పీజీలో చేరాలన్నా మళ్లీ మొదటికే. పైగా అక్కడి రేడియోలో ఒకరి గొంతు రికార్డు చేసి చాలా ఊళ్లలో వినిపించేస్తున్నారు, వాయిస్ ట్రాకింగ్ అంటారు దాన్ని, స్టేషన్‌కో మనిషి అవసరం తగ్గిపోయింది.

మరేం చేయాలంటే, ఒంగోలులోనో నెల్లూరులోనో ఏదో ఒక డిగ్రీలో చేర్చండి, బీఏ అయినా సరే, బీకాం అయినా సరే. హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షన్నర పక్కన పెట్టుకోండి, మూడేళ్లకు నాలుగున్నర. ఇంకో 30 వేలు పెట్టి మంచి మైకు, హెడ్‌ఫోన్లు కొనివ్వండి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, వారానికి ఒక కార్యక్రమం చేసి పెట్టమనండి. పొగాకు వేలం కేంద్రం ముందు రైతులతో మాట్లాడి పది నిమిషాలు రికార్డు చేయమనండి, వాడి పనితనం అక్కడే తెలుస్తుంది. ఈ రంగంలో సర్టిఫికెట్ కన్నా ముందు "ఏం చేశావో వినిపించు" అంటారు. మార్కాపురంలో ఆకాశవాణి కేంద్రం ఉంది, అక్కడ క్యాజువల్ అనౌన్సర్లకు ఆడిషన్ ఎప్పుడు పెడతారో కనుక్కోండి. నెలకు మహా అయితే ఆరు డ్యూటీలు, దాంతో ఇల్లు గడవదు, కానీ అసలు స్టూడియోలో కూర్చునే అవకాశం దొరుకుతుంది.

డిగ్రీ చేతికొచ్చాక కూడా పట్టు సడలకపోతే పూణేలో కేంద్ర ప్రభుత్వ సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో ఏడాది టీవీ కోర్సులున్నాయి (దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, సౌండ్), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ పీజీ ఉంది. రెండిటికీ డిగ్రీ కావాలి, అందుకే ముందు అది. దానికోసం 4 లక్షలు ఎఫ్‌డీలోనే ఉంచండి. ఇంకో 3 లక్షలు పంట పోయిన ఏడాది కోసం, దాన్ని ఎవరడిగినా ఇవ్వకండి, బావమరిది అడిగినా సరే. అప్పటికీ మీ దగ్గర 2 లక్షలపైనే మిగులుతాయి, పొలం పొలంలా ఉంటుంది.

అప్పుడు కూడా అమెరికాయే అంటే మాస్టర్స్‌కు పంపుదాం, అప్పటి లెక్క అప్పుడు వేసుకుందాం. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే బ్యాంకు వాళ్లు టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, అది కూడా అప్పటి సంగతే.

ఈ నెలాఖరులోపు 40 వేలు అడ్వాన్స్ కట్టమన్నారని చివర్లో రాశారు. కట్టకండి. ఆ కాలేజీ వాళ్ల నుంచి మీకు కమీషన్ ఎంత వస్తుందని కన్సల్టెన్సీ వాళ్లను ఒక్క మాట అడిగి చూడండి. చిట్టీ కూడా ఇప్పుడే పాడకండి.