అంబాసిడర్ డైనమో చార్జింగ్ ఆగిపోతే ఆల్టర్నేటర్ పెట్టించాల్సిందేనా?

1974 మార్క్ 2 అంబాసిడర్, రేస్ చేసినా చార్జింగ్ ఎర్రలైటు ఆరడం లేదు, మెకానికేమో డైనమో (ఇంజన్ బెల్టుతో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసేది) పోయింది, దాని బదులు మారుతీ ఆల్టర్నేటర్ పెట్టేద్దాం అంటున్నాడు, ఏం చెయ్యమంటారు అని కదా మీరు అడిగింది. కాస్త ఆగండి. నాకూ అచ్చం ఇదే మాట చెప్పారు, అప్పటికే నేను తప్పు బ్యాటరీది అనుకుని కొత్తది కొని డబ్బులు తగలేసి ఉన్నాను.

మాది నాన్నగారి 1972 బండి. తెనాలిలో పెళ్ళికెళ్ళి రాత్రి విజయవాడ తిరిగొస్తుంటే దుగ్గిరాల దాటేసరికి హెడ్‌లైట్లు లాంతర్లలా పచ్చబడ్డాయి, హారన్ కొడితే జలుబు చేసిన గొంతులా వచ్చింది. ఇంటికి ఎలా చేరామో ఆ దేవుడికే తెలియాలి. మర్నాడు కొత్త బ్యాటరీ వేయించా, నాలుగో రోజుకి అదీ పడుకుంది. అప్పుడు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, డైనమో విప్పకుండానే పది నిమిషాల్లో తేల్చేశాడు.

ముందు ఫ్యాన్ బెల్టు చూశాడు. మధ్యలో బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి, అంతకన్నా బిగిస్తే డైనమో బేరింగు పోతుంది. తర్వాత డైనమో మీదున్న రెండు వైర్లూ పీకేశాడు. పెద్ద టెర్మినల్ డి, చిన్నది ఎఫ్. ఆ రెండింటినీ ఒక వైరు ముక్కతో కలిపి, అక్కడికీ బాడీకీ మధ్య వోల్ట్‌మీటర్ పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి నెమ్మదిగా రేస్ పెంచమన్నాడు. డైనమో బాగుంటే ముల్లు వణక్కుండా చకచకా పైకి పోతుంది, 20 వోల్టులు దాటనివ్వకూడదు, అందుకని యాక్సిలరేటర్ మీద కాలు జాగ్రత్త. అలా లేచిందంటే డైనమోలో ఏ లోపమూ లేదు, తప్పు వైరింగులోనో కటౌట్ బాక్సులోనో (బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా ఆపే స్విచ్ ఉండేది) ఉంది. అర వోల్టు, ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్ (లోపల కదలకుండా ఉండి అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) మీద అనుమానం, 4 లేదా 5 దగ్గర ఆగితే ఆర్మేచర్, అంటే మధ్యలో తిరిగే భాగం, దాని వైండింగ్ మీద. అసలేమీ చూపించకపోతే ముందు బ్రష్‌లు, అంటే ఆర్మేచర్ నుంచి కరెంటు అందుకునే కార్బన్ ముక్కలు, చూడాలి. నాది అసలేమీ చూపించలేదు.

విప్పితే ఒక కార్బన్ బ్రష్ అరిగి మొద్దయిపోయి దాని గూట్లోనే ఇరుక్కుపోయి ఉంది, వెనక స్ప్రింగు తోస్తున్నా కమ్యూటేటర్‌ని (ఆర్మేచర్ చివర బ్రష్‌లు రాసుకునే రాగి పలకల చుట్టు) తాకడం లేదు. కమ్యూటేటర్ అట్లపెనం అడుగులా నల్లగా ఉంది. నేను ఎమరీ పేపర్ అందించబోతే పెద్దాయన కసిరాడు. ఎమరీ పొడి రాగిలో దిగబడిపోతుందట, సన్న శాండ్ పేపరే వాడాలి. ఆ రాగి పలకల మధ్య కరెంటు దాటకుండా పెట్టే మైకా పైకి లేచి ఉంటే బ్రష్ ఎగిరెగిరి పడుతుంది కాబట్టి, విరిగిన హాక్సా బ్లేడుని సన్నగా అరగదీసి, దాంతో ఒక్కో సందునీ ముప్పావు మిల్లీమీటరు లోతుకి గీశాడు, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోతున్నా తల ఎత్తలేదు. బ్రష్ 7 మిల్లీమీటర్ల దాకా అరిగితే మార్చేయడమే. వెనకవైపు షాఫ్టు తిరిగే బుష్ కూడా చూపించండి, అది వదులైతే ఆర్మేచర్ ఊగి లోపల రాసుకుంటుంది. ఆ వెనక మూతకి చిన్న నూనె కన్నం ఒకటుంటుంది, అందులో అప్పుడప్పుడూ రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ వెయ్యాలి. నాన్నగారు వేసేవారు, నేను వెయ్యలేదు.

అంతా బిగించాక చూస్తే చార్జింగ్ సున్నా! నాకు గుండె జారింది. డైనమోలో కొద్దిగా అయస్కాంతం మిగిలి ఉంటేనే అది కరెంటు పుట్టించడం మొదలుపెడుతుంది, అది పోయింది. పెద్దాయన ఎఫ్ మీది వైరు పీకి, బ్యాటరీ లైవ్ నుంచి ఒక వైరుతో ఆ ఎఫ్ టెర్మినల్‌ని రెండుసార్లు అలా తాకించి తీశాడు, చిన్న మెరుపు. వైరు మళ్ళీ తగిలించి స్టార్ట్ చేస్తే లైటు ఆరింది. ఈ పని చేసేముందు మీ బండికి బ్యాటరీలో ఏ వైపు బాడీకి వెళ్ళిందో చూసుకోండి, ఈ పాత ఇంగ్లీషు డిజైన్ బళ్ళలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపినవి, ఉండేవి.

ఇంకోటి, ఇంజన్ ఆపేశాక కూడా డైనమో అంతకంతకూ వేడెక్కుతుంటే కటౌట్ పాయింట్లు అతుక్కుపోయినట్టే. వెంటనే బ్యాటరీ వైరు పీకెయ్యండి, లేకపోతే ఆర్మేచర్ కాలిపోతుంది.

ఇక ఆల్టర్నేటర్ సంగతి. వద్దనను. రాత్రిపూట సిటీ ట్రాఫిక్‌లో రోజూ తిరిగేవాళ్ళకి అదే మేలు. డైనమోలో మొత్తం కరెంటు తిరిగే ఆర్మేచర్ నుంచి బ్రష్‌ల ద్వారానే రావాలి, రోడ్డు మీద మరీ వేగంగా తిరక్కుండా దాన్ని తక్కువ వేగానికే అమరుస్తారు, అందుకే ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు చార్జింగ్ ఉండదు, రోడ్డెక్కాక కూడా 22 ఆంపియర్లు దాటదు. ఆల్టర్నేటర్‌లో అసలు కరెంటు తిరగని వైండింగులో పుడుతుంది, కాబట్టి స్లోలోనూ ఇస్తుంది. కానీ మా బావ తన బండికి పెట్టించినప్పుడు మెకానిక్ పాత సన్న వైరే ఉంచేశాడు, నెల తిరక్కుండా డ్యాష్‌బోర్డు వెనక వైరు కాలిన వాసన. బ్యాటరీ దాకా లావు కేబుల్ కొత్తగా వెయ్యాలి, కటౌట్ తప్పించాలి, పాజిటివ్ ఎర్త్ అయితే మార్చాలి, పుల్లీ సరళరేఖలో లేకపోతే బెల్టు కీచుమంటూ చస్తుంది. బ్రాకెట్ కోసం బ్లాకుకి కొత్త కన్నాలు మాత్రం వేయనివ్వకండి. పాత డైనమో తూకానికి అమ్మకండి.

మీరు నెలకోసారి పగలు తిప్పే బండి అయితే నా ఓటు డైనమోకే. ముందు ఆ డి, ఎఫ్ కలిపి చూసి ముల్లు ఎక్కడ ఆగిందో ఇక్కడ రాయండి, అప్పుడు చెప్తాను విప్పాలో లేదో.