బాండు దొరక్కపోయినా బీమా దొరుకుతుంది

అమ్మాయీ,

మీ నాన్న ఏవో పాలసీలు కట్టేవారని తెలుసు గానీ ఎక్కడ, ఎంత అన్నది ఎవరికీ తెలియదని రాశావు. బీరువా అంతా తిరగేశామన్నావు. ఇక పాలసీ పత్రం, అదే ఆ బాండు కోసం వెతకడం ఆపు. ప్రీమియం డబ్బు ఏ దారిన పోయిందో ఆ దారి పట్టుకో. బాండుని చెదలు తినొచ్చు. డబ్బు కట్టిన జాడ మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది.

ముందు మరణ ధ్రువపత్రం ఓ పది కాపీలు తెచ్చిపెట్టుకో, ప్రతి ఆఫీసూ ఒకటి అడుగుతుంది. ఆయన బ్యాంకు ఖాతాలు మూసేలోపే స్టేట్‌మెంట్లు తీయించు. కనీసం మూడేళ్లవి కావాలి. ఆరు నెలలది చూసి ఏమీ లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఏడాదికోసారి కట్టే ప్రీమియం స్టేట్‌మెంటులో ఏడాదికి ఒక్క వరుసలోనే కనబడుతుంది. పోయిన డబ్బునే కాదు, వచ్చిన డబ్బునూ చూడు. నాలుగైదేళ్లకోసారి బీమా కంపెనీ నుంచి జమ పడి ఉంటే అది మనీబ్యాక్ పాలసీ తాలూకు సొమ్ము కావచ్చు. మే నెలాఖరులో 436 రూపాయలు (2022 జూన్‌కు ముందైతే 330) పోయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు వస్తుంది. పాస్‌బుక్కులో అంత చిన్న అంకె ఎవరి కంటా పడదు, అందుకే మిగిలిపోతుంది. 20 రూపాయలు (అంతకుముందు 12) పోయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాదంలో పోయినవారికే వర్తిస్తుంది. ఇంటి అప్పు ఉంటే, దానితో పాటు బీమా ఏమైనా అంటగట్టారేమో ఆ బ్యాంకునే అడుగు. అది తెలియక, తీరిపోవాల్సిన అప్పుకు వాయిదాలు కడుతూ పోయే కుటుంబాలున్నాయి.

తర్వాత జీతం చీటీలు. ఎల్ఐసీ ప్రీమియం నేరుగా జీతంలోంచే కోత పడేలా చాలామంది పెట్టుకుంటారు, అలాంటివి బ్యాంకు స్టేట్‌మెంటులో కనబడవు. ఆఫీసువాళ్లు ఏటా ఇచ్చే పన్ను కాగితం ఫారం 16లో 80సీ (బీమా, పొదుపులకు ఇచ్చే పన్ను మినహాయింపు) కింద చూపిన మొత్తం కూడా ఒక ఆధారమే. ప్రభుత్వోద్యోగం చేసిన కాలం ఉంటే ప్రభుత్వ జీవిత బీమా, గ్రూప్ ఇన్సూరెన్సు కోతలు చూడు. పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో ఉండగానే పోయారు కాబట్టి ఈడీఎల్ఐ అనే బీమా కూడా ఉంటుంది, గరిష్ఠంగా 7 లక్షలు. దీని చందా యజమానే కడతాడు, ఉద్యోగి జీతంలోంచి పైసా కోయరు. జీతం చీటీలో కనబడదు గనుక ఇంట్లోవాళ్లకు తట్టదు. పీఎఫ్ ఆఫీసులో ఫారం 5 ఐఎఫ్ ఇవ్వాలి.

పోస్టాఫీసును మరిచిపోకు. తపాలా జీవిత బీమా 1884 నుంచీ ఉంది, గ్రామీణ తపాలా జీవిత బీమా 1995లో వచ్చింది. ఆ రికార్డులు ఎల్ఐసీలో దొరకవు.

ఇంట్లో పాత క్యాలెండర్లు, డైరీలు ఉంటే అడుగున ముద్ర చూడు. కొత్త సంవత్సరానికి క్యాలెండరు పంచిన ఏజెంటు పేరూ ఫోనూ అక్కడే ఉంటాయి. ఒక్క ప్రీమియం రసీదు దొరికినా చాలు, పాలసీ నంబరు, బ్రాంచి రెండూ దాని మీదే ఉంటాయి. ఎల్ఐసీ నంబరైతే తొమ్మిది అంకెలు.

ఇప్పుడు ఇంటర్నెట్టు సంగతి. వెయ్యి రూపాయలు, ఆపైన ఎవరూ అడగని సొమ్ము ఉంటే, దాన్ని వెతుక్కునే వీలు ప్రతి బీమా కంపెనీ తన వెబ్‌సైటులో పెట్టాలి. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఆ లింకులన్నీ ఉంటాయి, ఒక్కో కంపెనీలోకీ వెళ్లి చూడు. పేరు రకరకాలుగా కొట్టి చూడాలి: ఇంటిపేరు ముందు, ఇంటిపేరు వెనక, ఉత్త ఇనిషియల్‌తో. పుట్టిన తేదీ కూడా అసలుదీ, పదో తరగతి సర్టిఫికెట్టులోదీ రెండూ ప్రయత్నించు. మనవాళ్లలో సగం మందికి రెండు పుట్టినరోజులు!

అక్కడ ఏమీ రాకపోతే పాలసీ లేదని కాదు. అందులో కనబడేది, ఇవ్వాల్సి వచ్చిందని కంపెనీకి తెలిసిన డబ్బు మాత్రమే. మనిషి పోయిన సంగతే కంపెనీకి తెలియకపోతే ఆ పాలసీ ఆ జాబితాలోకి ఎలా వస్తుంది? అందుకే ఆయన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాన్, ఉన్న ఊళ్ల చిరునామాలన్నీ రాసి, మరణ ధ్రువపత్రం జతచేసి, ఆయన కాపురమున్న ప్రతి ఊరి బ్రాంచికీ ఉత్తరం ఇవ్వు. రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకో.

మధ్యలో కట్టడం మానేశారని తెలిసినా వదిలెయ్యకు. మూడేళ్లు కట్టిన పాత ఎల్ఐసీ పాలసీ ఆగిపోయినా సాధారణంగా పెయిడప్ విలువ, అంటే కట్టినంత మేరకు తగ్గించిన బీమా మొత్తం, మిగులుతుంది. చాలా పాలసీల్లో ఇంకో వెసులుబాటు ఉంది: మూడేళ్లు కట్టాక ఆపేసి ఆరు నెలల్లోపు పోయినా, ఐదేళ్లు కట్టాక ఆపేసి ఏడాదిలోపు పోయినా, బాకీ ప్రీమియం మినహాయించుకుని పూర్తి బీమా మొత్తం ఇస్తారు. ఎన్నేళ్లో అయిపోయిందన్న బెంగా వద్దు. పదేళ్లు దాటినా ఎవరూ అడగని సొమ్ము సీనియర్ సిటిజన్ల సంక్షేమ నిధికి వెళుతుంది. అక్కడికి వెళ్లాక కూడా 25 ఏళ్లదాకా అడగొచ్చు, అడగాల్సింది ఆ కంపెనీనే.

క్లెయిముకు ఎల్ఐసీలో 3783 నంబరు ఫారం, మరణ ధ్రువపత్రం, బాండు, నామినీ గుర్తింపు కార్డు, రద్దు చేసిన చెక్కు కావాలి. బాండు లేకపోతే స్టాంపు కాగితం మీద ఇండెమ్నిటీ బాండు (తర్వాత కంపెనీకి నష్టం వస్తే భరిస్తామనే హామీ పత్రం) రాసివ్వాలి, జామీనుదారు సంతకం కూడా అడుగుతారు. పాలసీ మొదలై మూడేళ్లు నిండకుండా పోతే ఆసుపత్రి కాగితాలు, దహనానికి సాక్షి వాంగ్మూలం వగైరా అడుగుతారు. మూడేళ్లు దాటితే బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఏ కారణం చూపీ పాలసీ చెల్లదనకూడదు. నామినీగా మీ నాయనమ్మ పేరే ఉండిపోయి, ఆవిడా లేకపోతే వారసత్వ ధ్రువపత్రం కోసం కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. పాలసీ మీద అప్పు తీసుకుని ఉంటే వడ్డీతో సహా కోసుకుంటారు, కంగారు పడకు.

ఈలోగా ఎవరో ఒకరు ఫోను చేస్తారు, "మీ నాన్నగారి బోనస్ ఆగిపోయింది, జీఎస్టీ కడితే విడుదల చేస్తాం" అని. ఫోను పెట్టెయ్. రావాల్సిన క్లెయిముకు ఎదురు డబ్బు కట్టేది ఉండదు.

కాగితాలన్నీ ఇచ్చాక విచారణ అక్కర్లేని క్లెయిము 15 రోజుల్లో, విచారణ ఉంటే 45 రోజుల్లో తేల్చాలి. ఆలస్యమైతే కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. నెల రోజుల్లో జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. మొదట నువ్వు బ్రాంచిలో ముద్ర వేయించుకున్న ఆ కాపీ అప్పుడు అవసరం పడుతుంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య