తొమ్మిదేళ్ల బాబుకు ఏడీహెచ్‌డీ: మందు వేయాలా, మెమరీ ట్రైనింగ్ చాలా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, బరువు 24 కిలోలు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మీడియం. ఒక్కచోట కూర్చోడు, చెప్పింది వెంటనే మరిచిపోతాడు. డాక్టరు గారు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, అతిచురుకుగా ఉండే సమస్య) అని మిథైల్‌ఫెనిడేట్ 5 మి.గ్రా. రాశారు. చుట్టాలేమో మందులొద్దు, కంప్యూటర్ మీద మెమరీ ట్రైనింగ్ ఇప్పించమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు ఒక సంగతి తేల్చుకోండి. బాబు బడిలో మాత్రమే పరధ్యానంగా ఉండి, ఇంట్లో తెలుగులో చెప్పిన పని చక్కగా చేస్తుంటే, ఒడియా పాఠం అర్థంకాక అలా ఉంటున్నాడేమో. ఏడీహెచ్‌డీ అయితే ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తుంది, కనీసం ఆరు నెలలుగా ఉంటుంది. చూపు, వినికిడి పరీక్ష చేయించారా? నిద్రలో గురక పెడతాడా? ఇవి కూడా డాక్టరుకు చెప్పండి. బడిలో ఎలా ఉంటున్నాడో టీచరు చేత ఒక కాగితం రాయించుకుని వెళ్లండి. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కేలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది కాబట్టి, జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డీఈఐసీ కేంద్రం గురించి అడగండి.

జబ్బు ఖాయమైతే మందు మొదలుపెట్టమనే చెబుతాను. మెమరీ ట్రైనింగ్ దానికి బదులు కాదు. ఈ కోర్సులు ఎక్కువగా ఐదు వారాలు, వారానికి ఐదు రోజులు, రోజూ అరగంటకు పైగా ఉంటాయి. అంకెలు, గళ్లు గుర్తుపెట్టుకునే ఆటలో పిల్లాడి స్కోరు నిజంగానే పెరుగుతుంది. కానీ ఆ లాభం లెక్కల్లోకి, క్లాసులో కుదురుగా కూర్చోవడంలోకి పెద్దగా రాదు. అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, శిక్షణ ఎవరు తీసుకున్నారో తెలియనివాళ్లు పిల్లలను గమనిస్తే తేడా దాదాపు కనబడలేదు. ఆ డబ్బు, ఆ సమయం పిల్లాడి ప్రవర్తనను ఎలా దారిలో పెట్టాలో తల్లిదండ్రులకు నేర్పే బిహేవియర్ శిక్షణకు పెట్టండి. మందుతో పాటు అది తప్పకుండా కావాలి.

మందు వేసే ముందు బాబు ఎప్పుడైనా స్పృహ తప్పాడా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి పోయారా అన్నది డాక్టరుకు చెప్పాలి. బీపీ, నాడి, ఎత్తు, బరువు రాయించుకోండి. మామూలు మాత్ర అరగంట నుంచి గంటలో పట్టి, మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది. ఆకలి చంపుతుంది కాబట్టి ముందు కడుపునిండా టిఫిన్ పెట్టి, తర్వాత మాత్ర వేయండి. మధ్యాహ్నం అన్నం వదిలేస్తే బలవంతం చేయకండి. సాయంత్రం ఆకలి తిరిగొస్తుంది, అప్పుడు బాగా పెట్టండి. రెండో మాత్ర రాస్తే మధ్యాహ్నం దాటనివ్వకండి, లేకపోతే రాత్రి నిద్ర పట్టదు. మోతాదును డాక్టరు వారానికోసారి కొంచెం కొంచెంగా పెంచుతారు. చాలామంది 5 మి.గ్రా.కు గుణం లేదని పది రోజులకే మానేస్తారు. అది తొందరపాటు. పిల్లాడు మాటామంతీ లేకుండా బొమ్మలా కూర్చుంటే మాత్రం మోతాదు ఎక్కువైందని అర్థం, వెంటనే చెప్పండి.

మిథైల్‌ఫెనిడేట్ పడకపోతే అటొమోక్సెటిన్ అనే మరో మందు ఉంది. ఈ బరువుకు రోజుకు సుమారు 10 మి.గ్రా.తో మొదలుపెట్టి తర్వాత 25కు తీసుకెళ్తారు. గుణం పూర్తిగా తెలియడానికి ఆరు వారాలైనా పడుతుంది. క్యాప్సూల్ విప్పి పొడి కలపకూడదు, ఆ పొడి కళ్లకు మంట. కళ్లు పచ్చబడినా, చనిపోతానన్న మాటలు వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జ్ఞాపకశక్తికి ఇంట్లో చేయగలిగేది చాలా ఉంది. కళ్లలోకి చూస్తూ ఒక్కసారికి ఒక్క పనే చెప్పి, దాన్ని తిరిగి అతనితోనే చెప్పించండి. పొద్దుటి పనులు బొమ్మలు గీసి గోడకు అంటించండి. హోంవర్కు పదిహేను నిమిషాలు, ఐదు నిమిషాలు విరామం. మెచ్చుకోలు అప్పటికప్పుడే ఉండాలి.

మిథైల్‌ఫెనిడేట్ నార్కోటిక్ చట్టం పరిధిలోని మందు, ఊళ్లోని ప్రతి షాపులోనూ దొరకదు. బరంపురం గానీ శ్రీకాకుళం గానీ వెళ్తే ఒరిజినల్ చీటీ దగ్గర పెట్టుకోండి. ఉన్నది అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోండి.