ఆకాశంలో 585, రోడ్డు మీద 1,040

ప్రశ్న: మా అమ్మాయికి ఆదిలాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. మేముండేది శ్రీకాకుళంలో. రెండు ఊళ్ల మధ్య దూరం 585 కిలోమీటర్లని ఇంటర్నెట్‌లో ఉంది, ట్రావెల్స్ వాళ్లేమో వెయ్యి దాటుతుందంటున్నారు. ఏది నమ్మాలి? విమానంలో వెళితే కలిసొస్తుందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: రెండూ నమ్మదగినవే. మీరు ఇంటర్నెట్‌లో చూసింది వైమానిక దూరం. దాన్ని ఇంట్లో కూర్చొనే లెక్క కట్టవచ్చు. శ్రీకాకుళం 18.30 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.90 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఆదిలాబాద్‌కు ఆ అంకెలు 19.67, 78.53. అక్షాంశాల తేడా 1.37 డిగ్రీలు కాబట్టి, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 152 కిలోమీటర్లు వస్తుంది. రేఖాంశాల తేడా 5.37 డిగ్రీలు, మన ప్రాంతంలో రేఖాంశపు డిగ్రీ 105 కిలోమీటర్లకు కాస్త పైన ఉంటుంది కనుక అది 565 అవుతుంది. ఈ రెండూ భుజాలుగా లంబకోణ త్రిభుజం గీస్తే కర్ణం 585 కిలోమీటర్లు.

అయితే ఆ గీత ఎక్కడెక్కడి మీదుగా పోతుందో చూడండి. సాలూరు ప్రాంతం దాటగానే ఒడిశాలోని కోరాపుట్ కొండలు, ఆపై ఛత్తీస్‌గఢ్‌లోని దంతేవాడ, బీజాపుర్ అడవులు, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత నది వస్తాయి. రెండు తెలుగు జిల్లా కేంద్రాలను కలిపే ఈ గీతలో సగానికి పైగా తెలుగు రాష్ట్రాల బయటే ఉండటం విచిత్రమే. వాహనాలు సాధారణంగా ఆ కొండలూ అడవుల జోలికి పోకుండా విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్‌ల మీదుగా చుట్టి వెళతాయి. ఆ లెక్కన వరుసగా 110, 350, 275, 305, మొత్తం సుమారు 1,040 కిలోమీటర్లు. రాజమహేంద్రవరం నుంచి ఖమ్మం మీదుగా సూర్యాపేట చేరితే కొంత తగ్గుతుంది. కోరాపుట్, జగదల్‌పుర్, సిరొంచ, మంచిర్యాల మీదుగా ఇంకా దగ్గర దారి ఉంది గానీ, అందులో ఘాట్ రోడ్లూ అడవులూ ఎక్కువ కనుక రాత్రి ప్రయాణానికి నేను సలహా ఇవ్వను.

ఇక విమానం సంగతి. ఆదిలాబాద్‌లో నిజాం కాలపు ఎయిర్‌ఫీల్డ్ ఉన్నా ప్రయాణికుల విమానాలు లేవు. విశాఖ వరకు రోడ్డు మీద 110, అక్కడి నుంచి హైదరాబాద్‌కు గాలిలో సుమారు 510, శంషాబాద్ నుంచి ఆదిలాబాద్‌కు మళ్లీ రోడ్డు మీద దాదాపు 330 కిలోమీటర్లు: మొత్తం 950. అంటే దూరంలో మిగిలేది వంద కిలోమీటర్లకు మించదు. గంటకు పైబడిన విమాన ప్రయాణానికి ముందూ వెనకా ఏడెనిమిది గంటలు రోడ్డు మీదే గడుస్తాయి. టికెట్ ధర చూసుకొని నిర్ణయించుకోండి.

ప్రశ్న: వైమానిక దూరాన్ని ఒకటింబావుతో హెచ్చిస్తే రోడ్డు దూరం వస్తుందంటారు, నిజమేనా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: కొన్ని ఊళ్లకే సరిపోతుంది. శ్రీకాకుళం నుంచి మీ అనంతపురానికి వైమానిక దూరం సుమారు 780 కిలోమీటర్లు, రోడ్డు మీద వెయ్యి లోపే. మీ సూత్రం ఇంచుమించు నిలబడింది. పై జవాబులోని ఆదిలాబాద్‌కు మాత్రం 585ను ఒకటిముప్పావుతో హెచ్చించాల్సి వస్తోంది. గాలిలో దాదాపు రెండు వందల కిలోమీటర్లు ఎక్కువ దూరాన ఉన్న అనంతపురమే ఈ ప్రధాన రహదారుల మీద శ్రీకాకుళానికి దగ్గర.